పెద్ద రేటు గుర్రం: అరుదైన దాని మీద నమ్మకం

ఈచ్‌వే పందెం నిజానికి ఒకే చీటీ మీద రాసిన రెండు పందేలు. గుర్రం గెలుస్తుందని ఒకటి. గెలిచినా గెలవకపోయినా ప్లేసులోకి, అంటే మొదటి కొద్ది స్థానాల్లోకి, వస్తుందని రెండోది. 10 పౌండ్ల ఈచ్‌వే కాస్తే చేతిలోంచి పోయేది 20 పౌండ్లు. బ్రిటన్‌లో 16 గుర్రాలు, అంతకు మించి పరుగెత్తే హాండికాప్ రేసులో, అంటే బలమైన గుర్రానికి ఎక్కువ బరువు పెట్టే రేసులో, మామూలుగా మొదటి నాలుగు స్థానాలకు ప్లేసు డబ్బు ఇస్తారు. దాన్ని గెలుపు రేటులో నాలుగో వంతు చొప్పున కడతారు. హాండికాప్ కాని రేసులో 8 గుర్రాలో అంతకన్నా ఎక్కువో ఉంటే మూడు స్థానాలు, అయిదో వంతు. గుర్రాలు తగ్గేకొద్దీ స్థానాలూ తగ్గుతాయి. నాలుగే మిగిలితే ప్లేసు పందెమే ఉండదు. హైదరాబాద్ మలక్‌పేట రేసులు తెలిసినవారికి విన్, ప్లేస్ అనే మాటలు కొత్త కాదు. కాకపోతే అక్కడి టోట్‌లో, అంటే కాసిన డబ్బంతా పోగుచేసి గెలిచినవారికి పంచే పద్ధతిలో, ప్లేసు డబ్బు ఎంత రావాలో ప్లేసు మీద జనం కాసిన మొత్తాన్ని బట్టి తేలుతుంది. ఈచ్‌వేలో అలా కాదు, గెలుపు రేటులో ఒక ఖాయమైన వంతును ప్లేసు రేటుగా ముందే చెప్పేస్తారు. ఈ తేడా చిన్నదిగా కనిపించినా ముందుముందు చాలా పని చేస్తుంది.

1కి 33 రేటున్న గుర్రం మీద 10 పౌండ్ల ఈచ్‌వే కాశారనుకుందాం. గుర్రం గెలిస్తే గెలుపు భాగం నుంచి 340, ప్లేసు భాగం నుంచి 92.50, మొత్తం 432.50 పౌండ్లు చేతికొస్తాయి. రెండు, మూడు, నాలుగు స్థానాల్లో దేంట్లో వచ్చినా గెలుపు భాగం పోయి 92.50 మిగులుతుంది, కాసిన 20 తీసేస్తే లాభం 72.50. అయిదో స్థానంలో వస్తే మొత్తం పోయినట్టే. అదే 1కి 4 రేటున్న గుర్రం ప్లేసులోకి వచ్చి ఆగిపోతే కాసిన 20 పౌండ్లే తిరిగొస్తాయి, పైసా మిగలదు. కనుక ఈచ్‌వేకు అసలు పస పెద్ద రేట్ల దగ్గరే ఉంది.

ఇక్కడే తత్త్వవిచారం మొదలవుతుంది. నూటికి రెండుసార్లు మాత్రమే జరిగే సంగతి మీద నమ్మకం పెట్టుకోవడం ఎప్పుడు వివేకం, ఎప్పుడు భ్రమ? నూటికి తొంభై ఎనిమిదిసార్లు ఓడిపోతానని తెలిసి కాసేవాడు ఓడినప్పుడు అతని ఆలోచన తప్పని ఎవరూ రుజువు చేయలేరు. గెలిచినప్పుడు ఒప్పనీ రుజువు చేయలేరు. మరి అరుదైన దాని గురించి చేసిన నిర్ణయానికి సాక్షి ఎవరు? మతం కూడా ఎప్పటినుంచో తలపడుతున్న ప్రశ్న ఇది. అద్భుతాలు, వరాలు, ప్రార్థన ఫలించడం, అన్నీ అరుదైన వాటి మీద నమ్మకాలే.

ఈ ప్రశ్న కంచెలు దూకే పందేల్లో పదునెక్కుతుంది. 1752లో ఐర్లండ్‌లోని బట్టవంట్ ఊరి చర్చి గోపురం నుంచి డోనరేల్ చర్చి గోపురం దాకా ఇద్దరు పెద్దమనుషులు గుర్రాల మీద పందెం పెట్టుకున్నారని చెబుతారు. స్టీపుల్‌చేజ్ అన్న పేరు అలాంటి పరుగుల నుంచే వచ్చింది. చదును నేల మీద వేగం ముఖ్యమైతే జంప్ రేసులో దమ్ము, దూకే నేర్పు, నేల తడి, ముందు గుర్రం ఎటు పడుతుందన్నది, అన్నీ కలిసి ఫలితాన్ని తేలుస్తాయి. ఐన్‌ట్రీలో జరిగే గ్రాండ్ నేషనల్ నాలుగు మైళ్లకు పైగా సాగుతుంది, 30 కంచెలు దాటాలి. ఆ రేసును 1కి 100 రేటుతో గెలిచిన గుర్రాలు అయిదు: 1928లో టిప్పరరీ టిమ్, 1929లో గ్రెగలాక్, 1947లో కాహూ, 1967లో ఫోయినావన్, 2009లో మోన్ మోమ్.

రేటు అనేది గుర్రం ఒంట్లో ఉండే గుణం కాదు. ఫోయినావన్ గెలిచిన రోజున బుకీలు 1కి 100 కట్టారు. అదే గుర్రానికి, అదే పరుగుకు టోట్ 1కి 444 కట్టింది. గుర్రం ఒకటే, అభిప్రాయాలు రెండు. సంభావ్యత అంటే ఏమిటన్న దాని మీద ఇరవయ్యో శతాబ్దపు ఆలోచనాపరులు రెండు దారులు పట్టారు. రిచర్డ్ ఫాన్ మిసెస్ దారిలో సంభావ్యత అనేది పదేపదే జరిగే సంగతుల వరసకే వర్తిస్తుంది, ఒంటరి సంగతికి అది లేదు. ఈ గుర్రం, ఈ రౌతు, ఈ మధ్యాహ్నపు తడి నేల మళ్లీ ఒక్కచోట చేరవు కాబట్టి ఆ దారిలో రేటుకు అర్థమే ఉండదు. కేంబ్రిడ్జి తాత్త్వికుడు ఫ్రాంక్ రామ్సే 1926లో రాసిన వ్యాసంలో ఇంకో దారి చూపాడు. ఒక మనిషి నమ్మకం ఎంత గట్టిదో తెలియాలంటే అతను ఏ రేటుకు పందెం కాయడానికి సిద్ధపడతాడో చూడాలి. సంభావ్యత అంటే ఆ నమ్మకపు కొలత. రామ్సే దేవుణ్ణి నమ్మలేదు, 26 ఏళ్లకే కన్నుమూశాడు. అతని తమ్ముడు మైకేల్ రామ్సే 1961లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అయ్యాడు. నమ్మకాన్ని కొలిచినవాడూ, నమ్మకానికి కాపరి అయినవాడూ ఒకే ఇంట్లో పుట్టడం గుర్తుపెట్టుకోదగ్గ సంగతి.

రామ్సే దారిలో నియమం ఒకటే: నమ్మకాలు తమలో తాము పొసగాలి. ఫలితం ఎటు తిరిగినా తాను ఖాయంగా నష్టపోయే విధంగా ఎవరూ పందేలు ఒప్పుకోకూడదు. ఈ నియమం అవసరమే గానీ చాలదు. ఏ వైరుధ్యమూ లేకుండా పూర్తిగా తప్పుగా నమ్మేవారు లోకంలో బోలెడుమంది. నమ్మకానికి కారణం ఉండాలి, ఆ కారణం లోకంలోంచి రావాలి.

పెద్ద రేటు గుర్రాన్ని ఎంచుకోవడంలో కారణం అంటే ఏమిటో దగ్గరగా చూడాలి. హాండికాప్ రేసులో ప్రతి గుర్రానికీ గత పరుగులను బట్టి అధికారి ఒక రేటింగ్ ఇస్తాడు. ఒక్కో పాయింటుకు ఒక పౌండు బరువు లెక్కన బలమైన గుర్రం ఎక్కువ బరువు మోస్తుంది. సూత్రప్రకారం అన్ని గుర్రాలూ ఒక్కసారే గీత దాటాలి. రేసు పట్టికలో ఒక గుర్రం పేరు పక్కన వరసగా ‘పి, 0, 7, పి’ అని ఉందనుకుందాం. ‘పి’ అంటే మధ్యలోనే రౌతు ఆపేశాడు; సున్నా అంటే మొదటి తొమ్మిదింటిలో లేదు. చూడగానే పనికిరాని గుర్రం అనిపిస్తుంది, రేటు 1కి 50 పలుకుతుంది. ఆ నాలుగు పరుగుల వివరాలు తిరగేస్తే, నాలుగూ బురద నేల మీద రెండున్నర మైళ్ల లోపు దూరంలో జరిగాయని తేలవచ్చు. అంతకు ముందు ఏడాది గట్టి నేల మీద మూడు మైళ్లు దాటిన పరుగుల్లో ఇదే గుర్రం రెండోది, మూడోదిగా వచ్చి ఉండవచ్చు. వరస ఓటముల వల్ల దాని రేటింగ్ 140 నుంచి 128కి దిగిందంటే ఇప్పుడు 12 పౌండ్ల బరువు తక్కువ మోస్తుంది. నేల ఆరింది, దూరం పెరిగింది, బరువు తగ్గింది. ఇది కారణం.

గుర్రం పేరు ఇంటి దేవుడి పేరును గుర్తుచేసిందనో, రౌతు చొక్కా రంగు కలిసొచ్చే రంగనో కాయడం కారణం కాదు, ఎందుకంటే గుర్రం కాళ్లకూ ఆ సంగతులకూ సంబంధం లేదు. ఇంకో మెలిక ఉంది. కాళ్లకు సంబంధించిన నిజమే అయినా అది అందరికీ తెలిసినదైతే పందెంలో కారణంగా నిలవదు. రేటు దాన్ని అప్పటికే మింగేసి ఉంటుంది. 2021 గ్రాండ్ నేషనల్‌లో బాల్కో డే ఫ్లోస్ అనే గుర్రం 1కి 100 రేటుతో బయల్దేరి రెండో స్థానంలో వచ్చింది. మూడేళ్ల ముందు, 2018లో, అది చెల్టెన్‌హామ్‌లో ర్యానెయిర్ చేజ్ గెలిచిన గుర్రం. దాని గతం అందరికీ తెలుసు. ఆ గతం ఇంకా పూర్తిగా చావలేదన్న తీర్పు మాత్రం కొద్దిమందిదే. నాలుగో వంతు చొప్పున చూస్తే ప్లేసు భాగం 1కి 25 అవుతుంది. ఆ రోజు మొదటి స్థానంలో వచ్చిన మినెల్లా టైమ్స్ గెలుపు రేటే దానికన్నా తక్కువ, 1కి 11.

ఈ వెతుకులాటకు ఎదురుగాలి కూడా ఉంది. 1949లో ఆర్.ఎం. గ్రిఫిత్ అనే మనస్తత్వవేత్త అమెరికా రేసుల లెక్కలు పరిశీలించి, జనం పెద్ద రేటు గుర్రాలను ఉండాల్సిన దానికన్నా ఎక్కువగా, ఫేవరెట్లను, అంటే అందరికన్నా చిన్న రేటున్న గుర్రాలను, తక్కువగా నమ్ముతారని చూపాడు. తర్వాత చాలా దేశాల లెక్కల్లో ఇదే కనిపించింది. పెద్ద రేటు గుర్రాలన్నిటి మీదా గుడ్డిగా కాస్తూ పోతే ఫేవరెట్ల మీద కాసినదానికన్నా చాలా వేగంగా డబ్బు కరిగిపోతుంది. జనానికి ప్రమాదం అంటే ఇష్టం కాబట్టి ఇలా జరుగుతుందా, చిన్న సంభావ్యతలను పెద్దవిగా చూసే అలవాటు వల్ల జరుగుతుందా అన్నదాని మీద ఆర్థికవేత్తలు చాలాకాలం వాదించుకున్నారు. 2010లో స్నోబర్గ్, వోల్ఫర్స్ తేల్చినది రెండో కారణానికే మొగ్గింది. మనిషి ఆశ పుట్టుకతోనే కొంచెం ఎక్కువ ధర కడుతుందన్నమాట. పెద్ద రేటు గుర్రం కోసం వెతికేవాడు ముందుగా తూచుకోవాల్సింది ఆ ఆశనే.

ఇప్పుడు ఫలితాల సంగతి. 1967 ఏప్రిల్ 8న ఐన్‌ట్రీలో 44 గుర్రాలు బయల్దేరాయి. మొదటి కంచె దగ్గరే రౌతును పడేసుకున్న పోపమ్ డౌన్ అనే గుర్రం ఖాళీ జీనుతో మిగతావాటితో పాటే పరుగెత్తింది. 23వ కంచె ఆ మైదానంలోని చిన్న కంచెల్లో ఒకటి. దాని ముందుకు వచ్చి పోపమ్ డౌన్ అడ్డంగా తిరిగింది. వెనక వచ్చే గుర్రాలు గుద్దుకున్నాయి, ఆగిపోయాయి, కొన్ని వెనక్కి తిరిగాయి, రౌతులు కంచె మీదికీ కిందికీ పడ్డారు. ఫోయినావన్ బాగా వెనకబడి వస్తోంది. దాని రౌతు జాన్ బకింగామ్‌కు ఆ గుంపులో ఒక సందు కనిపించింది. దాంట్లోంచి కంచె దాటి ఒంటరిగా ముందుకు పోయాడు. మళ్లీ గుర్రాలెక్కి తరిమినవాళ్లు ఎంత తరిమినా అందుకోలేదు. ఫేవరెట్ హనీ ఎండ్ 15 లెంగ్తుల (గుర్రం పొడవుల) వెనక రెండోదిగా వచ్చింది. గెలిచిన గుర్రాన్ని తయారుచేసిన జాన్ కెంప్టన్ ఆ రోజు ఐన్‌ట్రీలో లేడు, వూస్టర్‌లో వేరే రేసులో గుర్రమెక్కాడు. ఆ కంచెకు ఇప్పుడు ఫోయినావన్ పేరే ఉంది.

1990 మార్చిలో చెల్టెన్‌హామ్ గోల్డ్ కప్‌లో నార్టన్స్ కాయిన్ అనే గుర్రం కూడా 1కి 100 రేటుతోనే గెలిచింది. దాన్ని తయారుచేసినవాడు సిరెల్ గ్రిఫిత్స్, వేల్స్‌లో పాడి రైతు. ఆ ఉదయం ఆవుల పాలు పిండి, తర్వాత గుర్రాన్ని తోలుకొచ్చాడు. అక్కడ గుంపు కూలలేదు, దారి ఎవరూ అడ్డగించలేదు. నార్టన్స్ కాయిన్ చివరి ఎత్తు మీద టోబీ టోబియాస్‌ను ముక్కాలు లెంగ్తుతో దాటింది. దేశమంతా ప్రేమించిన ఫేవరెట్ డెజర్ట్ ఆర్కిడ్ మూడోదిగా మిగిలింది.

ఈ రెండు గెలుపులకూ బుకీ ఒకే లెక్కన డబ్బు కట్టాడు. జ్ఞానం దృష్టిలో మాత్రం రెండూ ఒకటి కావు. నార్టన్స్ కాయిన్‌లో ఉన్న శక్తిని చూసి కాసినవాడి కారణం నిజంగా పనిచేసింది: అతను నమ్మినదే గెలుపును తెచ్చింది. ఫోయినావన్ మీద కాసినవాడు ఏం నమ్మి కాసినా, గెలుపును తెచ్చినది అతను నమ్మినది కాదు. ఇక్కడ వాదానికి చోటుంది. నెమ్మదిగా, తప్పులు లేకుండా వెనక వచ్చే గుర్రం గుంపు కూలినప్పుడు మిగులుతుందని, ఐన్‌ట్రీలో గుంపు కూలడం మామూలేనని లెక్కవేసి ఎవరైనా కాసి ఉంటే? 1928లో 42 గుర్రాలు బయల్దేరితే పడకుండా గీత దాటినది టిప్పరరీ టిమ్ ఒక్కటే; ఇంకొకటి పడి, మళ్లీ రౌతు ఎక్కగా వచ్చింది. మిగతావన్నీ పడితే తప్ప నువ్వు గెలవవని ఆ రౌతుకు పందేనికి ముందు స్నేహితుడొకడు చెప్పాడని కథ. అచ్చం అలాగే జరిగింది. కాబట్టి ఆ లెక్క అసంబద్ధం కాదు. కానీ అది ఫలానా గుర్రం మీద నమ్మకం కాదు, ఒక రకం గుర్రాల మీద నమ్మకం. ఎన్నో ఏళ్లు అలాంటి గుర్రాల మీద కాస్తేనే దానికి అర్థం.

ఒక పని మంచిదా చెడ్డదా అన్న తీర్పు కర్త చేతిలో లేని ఫలితం మీద ఆధారపడవచ్చా అన్న చర్చను 1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నాగెల్ నైతికమైన అదృష్టం అన్న పేరుతో లేవదీశారు. నైతిక విషయాల్లో ఆ చర్చ తెగలేదు. పందెం విషయంలో జవాబు తేటగానే ఉంది: కాసే ముందు ఉన్న కారణాలే నిర్ణయపు విలువను తేలుస్తాయి, గెలుపు దాన్ని పెంచదు, ఓటమి తగ్గించదు. అయితే ఇక్కడ ఆగిపోతే ప్రతి ఓటమికీ సాకు దొరుకుతుంది. కారణం మంచిదే, ఫలితమే కలిసిరాలేదు అని జీవితాంతం చెప్పుకోవచ్చు. కారణాలు నిజంగా మంచివేనా అన్నది ఎప్పటికైనా పరీక్షకు నిలబడాలి.

గెలుపులను లెక్కపెట్టి ఆ పరీక్ష చేయడం ఎంత కష్టమో చూడండి. ఒకడి తీర్పు మంచిది, అతను ఎంచుకునే గుర్రాలు నూటికి రెండుసార్లు గెలుస్తాయి. ఇంకొకడి తీర్పు చెడ్డది, అతని గుర్రాలు నూటికి ఒక్కసారే గెలుస్తాయి. చెరో 100 పందేలు కాస్తే, మంచి తీర్పరికి ఒక్క గెలుపూ దక్కని అవకాశం నూటికి 13. చెడ్డ తీర్పరికి రెండు గెలుపులో అంతకన్నా ఎక్కువో దక్కే అవకాశం నూటికి 26. జీవితం సగం గడిచినా గెలుపులు ఎవరి తీర్పు మంచిదో ఎవరిది చెడ్డదో చెప్పలేవు.

ఈచ్‌వేలోని ప్లేసు భాగం అసలు ప్రయోజనం ఇక్కడ బయటపడుతుంది. దాన్ని అందరూ ఓదార్పుగా, గెలుపు తప్పిపోతే దక్కే కొసరుగా చూస్తారు. అది ఓదార్పు కన్నా ఎక్కువ, అది సాక్ష్యం. నూటికి రెండుసార్లు గెలిచే 1కి 33 గుర్రాల మీద ఈచ్‌వే కాసేవాడు నష్టపోకుండా ఉండాలంటే, గెలుపులతో కలిపి నూటికి 14 సార్లు పైచిలుకు ఆ గుర్రాలు మొదటి నాలుగు స్థానాల్లో ఉండాలి. 14 అనేది రెండు కన్నా ఎంతో త్వరగా కళ్లకు కనిపించే సంఖ్య. 100 పందేల తర్వాత ప్లేసులు 14 దగ్గర ఉంటే కారణాలు పనిచేస్తున్నాయని కొంత అనుకోవచ్చు. 8 దగ్గర ఆగితే లోపం ఎక్కడో ఉందని అనుమానించాలి. నిశ్చయం కాదు, అనుమానమే. అయినా గెలుపు ఒక్కటే చూసేవాడికి ఆ అనుమానపు వెలుగు కూడా ఉండదు. అరుదైన దాన్ని నమ్మేవాడు ఆ నమ్మకం నిజమైతే దాని చుట్టూ తరచుగా జరగాల్సినవి ఏమిటో ముందే చెప్పి వాటిని లెక్కపెట్టడం, నమ్మకాన్ని నిజాయితీగా ఉంచుకునే దారుల్లో ఒకటి.

డేవిడ్ హ్యూమ్ 1748లో అద్భుతాల మీద రాస్తూ, ఎంత అరుదైన సంగతికి అంత బలమైన సాక్ష్యం కావాలన్నాడు. దానికి బదులిచ్చినవాడు రిచర్డ్ ప్రైస్, చర్చి బోధకుడు. తన స్నేహితుడూ బోధకుడూ అయిన థామస్ బేయిస్ చనిపోయాక అతని సంభావ్యతా వ్యాసాన్ని 1763లో అచ్చుకెక్కించినవాడు కూడా అతనే. ఫలానా మనిషికి లాటరీ వచ్చిందని పత్రిక రాస్తే, అది ఎంత అరుదైనదైనా జనం నమ్ముతారు కదా అన్నది ప్రైస్ వాదం. ఫోయినావన్ గెలిచిందని పత్రిక చెబితే ఎవరూ శంకించరు, ప్రైస్ చెప్పింది అక్కడ నిజమే. కానీ ఆ గుర్రం మీద కాసినవాడు ‘నాకు ముందే తెలుసు’ అంటే అది వేరే వాదన. సంగతి జరిగిందనడానికి ఉన్న సాక్ష్యం, అది అతనికి ముందే తెలుసనడానికి సాక్ష్యం కాదు. మహిమలు చెప్పుకొనేవారి విషయంలోనూ ఈ రెండూ కలగాపులగం అవుతుంటాయి.

భారతంలో, అరణ్యపర్వంలోని నలోపాఖ్యానంలో, ఈ చర్చకు సూటిగా తగిలే ఘట్టం ఉంది. తెలుగులో దాన్ని నన్నయ చెప్పాడు. జూదంలో రాజ్యం పోగొట్టుకున్న నలుడు బాహుకుడన్న పేరుతో అయోధ్య రాజు ఋతుపర్ణుడి దగ్గర రథం తోలుతుంటాడు. విదర్భకు పోయే దారిలో ఋతుపర్ణుడు ఒక తాని చెట్టును చూసి, దాని ఆకులూ కాయలూ ఎన్నో చెబుతాడు. నలుడు ఊరికే మెచ్చుకోడు, రథం ఆపి లెక్కపెట్టి చూస్తాడు. సంఖ్య సరిపోతుంది. అప్పుడు ఇద్దరూ విద్యలు మార్చుకుంటారు: ఋతుపర్ణుడు అక్షహృదయం అక్కడే ఇస్తాడు, నలుడు అశ్వహృదయం తర్వాత ఇస్తాడు. పాచికల లెక్క, గుర్రాల మర్మం. అక్షహృదయం అందగానే, నలుణ్ణి ఆవహించి జూదంలో ఓడించిన కలి అతణ్ణి వదిలిపోతాడు. సంభావ్యత చరిత్ర రాసిన ఇయాన్ హాకింగ్ 1975 నాటి తన పుస్తకంలో ఈ కథను ప్రస్తావించాడు. పెద్ద రేటు గుర్రాన్ని ఎంచేవాడికి కావలసినవి సరిగ్గా ఈ రెండు విద్యలే. గుర్రం తెలిసి లెక్క తెలియనివాడు ప్రతి మంచి గుర్రం మీదా ఏ రేటుకైనా కాస్తాడు. లెక్క తెలిసి గుర్రం తెలియనివాడికి లెక్కపెట్టడానికి ఏమీ ఉండదు. లెక్కపెట్టి చూసే నలుడి ఓపిక మూడో విద్య. 1996లో సుప్రీంకోర్టు లక్ష్మణన్ కేసులో గుర్రప్పందేలు ప్రధానంగా నేర్పు మీద ఆధారపడినవని తీర్పు చెప్పింది. ఆ నేర్పు గుర్రానిదీ రౌతుదీ మాత్రమేనా, కాసేవాడిది కూడానా అన్నది పందెగాడు తన లెక్కల పుస్తకంలోనే తేల్చుకోవాలి.

సగం ఫలం గురించి ఒక మాట. దేవుడి మీద పందెం అన్న ఫ్రెంచి తాత్త్వికుడు పాస్కల్ వాదంలో గెలుపు అనంతం, ఓటమి దాదాపు సున్నా, మధ్యలో ఏమీ లేదు. గీత ఆరో అధ్యాయంలో అర్జునుడి ప్రశ్న వేరేది: యోగం మధ్యలో జారిపోయినవాడు రెండిటికీ చెడతాడా? కృష్ణుడి జవాబు, చెడడు, అతని సాధన మరుజన్మలో అందివస్తుంది అని. ఈచ్‌వే పందేనికీ దీనికీ పోలిక పైపైదే. సాధకుడికి దక్కే సగం ఫలం అతను నడిచిన దారిదే. ప్లేసు డబ్బు ఇంకొకరి పరుగుకు, ఇంకొకరి నష్టానికి వచ్చిన కూలి.

ఆ నష్టమే మతాల ప్రధాన అభ్యంతరం. మెథడిస్టుల గురువు జాన్ వెస్లీ డబ్బు వాడకం మీద చేసిన ప్రసంగంలో, పొరుగువాడి ఆస్తికి హాని చేసి సంపాదించకూడదంటూ జూదాన్ని ఆ హానుల్లో చేర్చాడు. కేథలిక్ ధర్మబోధ గ్రంథం అంత కఠినంగా పోదు: పందెం తనంతట తాను అన్యాయం కాదు, తన అవసరాలకూ తన మీద ఆధారపడినవారి అవసరాలకూ కావలసినది హరించినప్పుడు అది ఒప్పుకోదగ్గది కాదు అంటుంది. ఇస్లాం జూదాన్ని నిషేధిస్తూనే, గుర్రాలు, ఒంటెలు, విలువిద్య పోటీల్లో గెలిచినవారికి బహుమతిని అనుమతిస్తుంది. చూస్తూ కూర్చుని కాసేవాడికి ఆ అనుమతి లేదు. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం పాచికల జూదాన్నీ, ప్రాణులతో ఆడించే పందేలనూ విడివిడిగా పేర్కొని, రెంటినీ రాజు అణచాలంటుంది. కౌటిల్యుడు అణచమనడు, అధ్యక్షుణ్ణి నియమించి గెలుపులో నూటికి అయిదు వసూలు చేయమంటాడు. బ్రిటన్ 1960 చట్టంతో కౌటిల్యుడి దారే పట్టింది. 1961 మే నుంచి వీధి వీధినా పందెం దుకాణాలు తెరుచుకున్నాయి. అంతకు ముందు అప్పుమీద కాసే ధనికులకు చట్టం అడ్డు చెప్పలేదు, వీధిలో నగదు కాసే కూలివాణ్ణి మాత్రం పట్టుకునేది. ఆ వివక్ష పోవడం న్యాయమే. కూలివాడి నష్టం మాత్రం దాంతో తగ్గలేదు.

కాసేవాళ్లంతా ఇష్టపడి కాస్తారు కాబట్టి వెస్లీ అభ్యంతరానికి కొంత జవాబుంది. మనువు వేరుచేసి చెప్పిన ప్రాణుల విషయంలో ఆ జవాబు చెల్లదు, గుర్రం ఇష్టాన్ని ఎవరూ అడగలేదు. పెద్ద రేటు గుర్రం మీద ఈచ్‌వే కాసేవాడికి ఇది మరీ దగ్గరి సంగతి. అతని ప్లేసు లెక్కలో ఇతర గుర్రాలు పడడం, అలిసి ఆగిపోవడం కలిసే ఉంటాయి. 2001లో కుండపోత వానల తర్వాత ఐన్‌ట్రీలో 40 గుర్రాలు బయల్దేరితే గీత దాటినవి నాలుగే, వాటిలో రెండింటిని మధ్యలో రౌతులు మళ్లీ ఎక్కి తోలారు. ఆ రోజు చివరిదాకా వచ్చిన ప్రతి గుర్రమూ ప్లేసు డబ్బు తెచ్చింది. 2009 నుంచి బ్రిటన్‌లో రేసు మధ్యలో మళ్లీ ఎక్కడాన్ని నిషేధించారు. 2012 గ్రాండ్ నేషనల్‌లో సింక్రనైజ్డ్, అకార్డింగ్ టు పీట్ అనే రెండు గుర్రాలు చనిపోయాక, 2013కల్లా కంచెల లోపలి కర్ర చట్రాలు తీసి మెత్తటి ప్లాస్టిక్‌వి పెట్టారు. 2023లో హిల్ సిక్స్‌టీన్ మొదటి కంచె దగ్గరే పడి చనిపోయింది. మరుసటి ఏడాది నుంచి గుర్రాల సంఖ్యను 40 నుంచి 34కు తగ్గించారు, మొదటి కంచెను బయల్దేరే చోటుకు దగ్గరగా జరిపారు.

2024లో 32 గుర్రాలు బయల్దేరి 21 గీత దాటాయి, ఒక్కటీ కూలలేదు. ఇలాంటి రేసులో వెనక నుంచి నెమ్మదిగా వచ్చే గుర్రానికి ఇతరుల పతనం వల్ల దక్కే స్థానాలు ఉండవు. 1కి 33 గుర్రానికి కావలసిన ఆ నూటికి 14 ప్లేసులూ అది తన కాళ్ల మీద తెచ్చుకోవాల్సిందే. పాత రేసుల ప్లేసు లెక్కలు కొత్త రేసులకు సరిపోవు; 2013కు ముందు పరుగుల నుంచి నేర్చిన నమ్మకాలను పందెగాడు మళ్లీ మొదటినుంచి తూచుకోవాలి. అలా తూచినప్పుడు ఈచ్‌వే రేటు సరిపోని గుర్రాలు ఇదివరకటికన్నా ఎక్కువే తేలతాయి, వాటి మీద కాయకుండా ఉండడమే లెక్కా చెబుతుంది, ధర్మమూ చెబుతుంది.